ఇంటెల్‌శాట్ కంపెనీయా, దేశాల సంస్థా? – సమాధానం

లెనిన్ సెంటర్‌లో కొన్న పాత గైడులో ఇంటెల్‌శాట్ (దేశాల మధ్య ఫోన్, టీవీ సంకేతాలను ఉపగ్రహాలతో చేరవేసేది) "ప్రభుత్వాల మధ్య సంస్థ" అని, కోచింగ్ నోట్సులో "ప్రైవేటు కంపెనీ" అని ఉందన్నావు కదా తమ్ముడూ, ఏది రాయాలని అడిగావు. రెండూ నిజమే. మధ్యలో 2001 జులై 18 ఉంది, ఆ రోజే దేశాల సంస్థ వ్యాపారం ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది, అదే తేడా.

1964లో 11 దేశాలతో తాత్కాలికంగా మొదలైంది. శాశ్వత ఒప్పందం 1973లో అమల్లోకి వచ్చింది. పరీక్షకు కీలకం దాని పాలన. ప్రభుత్వాలు కూర్చునే మహాసభలో దేశానికో ఓటు. గవర్నర్ల బోర్డులో మాత్రం ఓటు బలం పెట్టుబడి వాటాను బట్టి, ఆ వాటా ఉపగ్రహాల వాడకాన్ని బట్టి. మా పటమట అపార్ట్‌మెంట్లో మీటింగులో ఫ్లాటుకో ఓటు, లిఫ్టు రిపేరు ఖర్చు మాత్రం చదరపు అడుగుల లెక్కన. అలా అనుకో, మర్చిపోవు. ప్రైవేటు కాకముందు మన దేశం తరఫు వాటాదారు విదేశ్ సంచార్ నిగమ్ (విదేశీ ఫోన్ సేవల సంస్థ).

1990ల్లో సముద్రగర్భ ఫైబర్ కేబుళ్లు, ప్రైవేటు ఉపగ్రహాలు పోటీకొచ్చాయి. 140కి పైగా దేశాలను ఒప్పించి వేగంగా నిర్ణయాలు తీసుకోవడం కష్టం. అందుకే ఉపగ్రహాలు, వ్యాపారం కంపెనీకి వెళ్లాయి, పాత వాటాదారులకు షేర్లు దక్కాయి. ప్రభుత్వాల సంస్థ ఐటీఎస్‌ఓ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్స్ ఉపగ్రహ సంస్థ) పేరుతో చిన్నదిగా మిగిలింది. పేద, మారుమూల దేశాలకు కనెక్షన్ తెగకుండా, వివక్ష లేకుండా కంపెనీ సేవ చేస్తోందో లేదో చూడటం దాని పని. నా దృష్టిలో ఈ మార్పులో అతి ముఖ్యమైన భాగం ఇదే, గైడులు దీన్నే వదిలేస్తాయి.

2025 జులైలో ఆ కంపెనీని లక్సెంబర్గ్‌కు చెందిన ఉపగ్రహ కంపెనీ ఎస్‌ఈఎస్ కొనేసింది, నోట్సులో చేర్చుకో. ఇన్‌మార్‌శాట్‌తో కలపకు. అది ఓడలకు ఉపగ్రహ సంభాషణ కోసం 1979లో పుట్టిన వేరే సంస్థ, 1999లో ప్రైవేటైంది. దానిమీద నిఘా ఐఎంఎస్‌ఓ (అంతర్జాతీయ మొబైల్ ఉపగ్రహ సంస్థ) అనే మరో ప్రభుత్వాల సంస్థది.