డైనోసార్ వచ్చాడా, వచ్చిందా?

ప్రశ్న: మా నాలుగేళ్ల పాపకు మరాఠీలో ఉన్న డైనోసార్ల బొమ్మల పుస్తకాన్ని తెలుగు చేస్తూ చదివి వినిపిస్తున్నాను. 'డైనోసార్ వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా? బహువచనం డైనోసార్సా, డైనోసార్లా? 'రాక్షసబల్లి' అనవచ్చా? – ఒక తల్లి, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

సమాధానం: 'వచ్చింది' అనండి. మరాఠీలో డైనాసోర్ పుంలింగం. 'డైనాసోర్ ఆలా' అని ఉన్నదాన్ని చూస్తూ అప్పటికప్పుడు తెలుగు చేస్తే 'వచ్చాడు' అని నోటికొచ్చేస్తుంది. తెలుగులో జంతువు ఆడదైనా మగదైనా క్రియ ఒకటే: వచ్చింది, తిన్నది, పడుకుంది. ఎక్కువైతే వచ్చాయి, తిన్నాయి. మీ ఇంట్లో 'అచ్చింది' అంటారా, అలాగే చదవండి. పాప చెవికి పరిచయమైన మాటే ముందు ఎక్కుతుంది. వరస కలిపి 'డైనోమామ' అన్నప్పుడు మాత్రం 'వచ్చాడు' సహజం. అయితే ఆ కథ అయ్యేదాకా అదే ఉంచండి. ఒక పేజీలో వచ్చాడు, ఇంకో పేజీలో వచ్చింది అంటే రెండు వేరు జంతువులనుకుంటుంది.

బహువచనం డైనోసార్లు. డాక్టర్లు, టీచర్లు, కార్లు ఎలాగో ఇదీ అలాగే. మరాఠీలో ఒకటైనా పదైనా డైనాసోరే కాబట్టి అక్కడి పిల్లలు 'రెండు డైనాసోర్' అనడం వింటాం. మీరు 'రెండు డైనోసార్లు' అని నిదానంగా తిరిగి చెబితే చాలు, తప్పు పట్టనక్కర్లేదు. 'డైనోసార్స్' ఇంగ్లీషు బహువచనం. దానిమీద మళ్లీ 'లు' పెట్టి 'డైనోసార్స్‌లు' అనడం రెండుసార్లు లెక్కపెట్టడమే. మూడు కొమ్ముల డైనోసార్ ట్రైసెరాటాప్స్ సంగతి వేరు. చివరి 'స్' పేరులోనిదే, కాబట్టి 'రెండు ట్రైసెరాటాప్స్‌లు' సరైన మాటే.

చదివేటప్పుడు అసలు తికమక ని, ను దగ్గర వస్తుంది. 'ఆకులను తింటోంది' అనక్కర్లేదు, 'ఆకులు తింటోంది' చాలు. ఆకులు డైనోసార్‌ని తినవు కదా, అర్థం చెడదు. కానీ 'టైరన్నోసారస్ ట్రైసెరాటాప్స్ తరిమింది' అంటే ఎవరు ఎవరిని తరిమారో తెలియదు. రెండూ జంతువులైనప్పుడు 'ట్రైసెరాటాప్స్‌ని తరిమింది' అని 'ని' కాస్త ఒత్తి పలకండి, వేలు కూడా దాని బొమ్మ మీదే పెట్టండి. 'డైనోసార్‌ని, డైనోసార్‌కి' అన్నా, ఉకారం చేర్చి 'డైనోసారును, డైనోసారుకు' అన్నా ఒప్పే. ఒక పుస్తకానికి ఒకటే పద్ధతి పెట్టుకోండి.

'రాక్షసబల్లి' అని ఎక్కడైనా ఒకసారి అర్థం చెప్పడానికి వాడవచ్చు. పుస్తకమంతా అదే అంటే పాప గోడమీది బల్లినే పెద్దది చేసి ఊహించుకుంటుంది. 1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పెట్టిన గ్రీకు పేరులో బల్లి ఉన్నా, డైనోసార్లు బల్లులు కావు. బల్లి కాళ్లు పక్కలకు పరుచుకుంటాయి, డైనోసార్ కాళ్లు ఒంటి కింద నిటారుగా ఉంటాయి. బొమ్మలో ఆ కాళ్లు చూపించండి.

పొడుగు పేర్లను ముక్కలు చేసి, ముక్కకో చప్పట్టు కొట్టండి: ట్రై, సె, రా, టాప్స్. పాప 'టాప్సు' అన్నా, స్టెగోసారస్‌ని 'ఇస్టెగోసారస్' అన్నా దిద్దకండి. తెలుగు నోరు జంటహల్లుల్ని అలాగే సరిచేసుకుంటుంది, ఇస్కూలు మాదిరిగా.

మొదట నేర్పవలసిన పేరు మీ తాలూకాలోనే ఉంది: బరాపాసారస్. దాని ఎముకలు పోచంపల్లి దగ్గర దొరికాయి (చీరల పోచంపల్లి కాదు, సిరోంచ పోచంపల్లి). తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. బెంగాలీ మాటలతో 'పెద్ద కాలిది' అని 1975లో పేరు పెట్టారు. తవ్వకం మొదలైన సంవత్సరం రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కావడంతో ఆయన పేరూ జోడించారు. సిరోంచ తాలూకాలోని కోట అనే ఊరి పేరు మీద కోటసారస్ కూడా ఉంది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. 'కోట' పలకడానికి చప్పట్లు కూడా అక్కర్లేదు. ఆ రెండు పేర్లు వచ్చాక ట్రైసెరాటాప్స్ జోలికి వెళ్లండి.