గొలుసు పగడానికి చుట్టుకుంటే పెద్ద లంగరు ఏం చేస్తుంది?

ప్రశ్న: మేం భార్యాభర్తలం, 12 మీటర్ల తెరచాప పడవలో పసిఫిక్ సముద్రంలోని తువామోటు పగడపు దీవుల మధ్య తిరుగుతున్నాం. ఒక లగూన్‌లో, అంటే పగడపు దిబ్బల వలయం లోపలి నీళ్లలో, 9 మీటర్ల లోతున లంగరు దించి 45 మీటర్ల గొలుసు వదిలాం. రాత్రి రెండింటికి గాలి తిరిగింది. నీటి అడుగున గొలుసు దేనికో రాసుకుంటూ గరగరమని ఒకటే చప్పుడు, ప్రతి అలకీ పడవ ముక్కు కిందికి గుంజుకుపోవడం, చివరికి కుదుపును ఆపడానికి గొలుసుకు కట్టిన, సాగే నైలాన్ స్నబ్బర్ తాడు తెగిపోయింది. పడవ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకా పెద్ద లంగరు కొనమంటారా?

జవాబు: వద్దండీ. రాత్రంతా పడవ కదల్లేదంటే లంగరు తన పని సరిగ్గానే చేసింది. ఇబ్బంది పెట్టింది గొలుసు. గాలి తిరిగితే పడవ కూడా లంగరు చుట్టూ తిరుగుతుంది, అడుగున పడి ఉన్న గొలుసు ఆ దారిలో ఉన్న పగడపు దిబ్బకు చుట్టుకుంటుంది. మీరు 45 మీటర్లు వదిలారు, నిజమే, కానీ ఒకసారి చుట్టుకున్నాక మీ పడవకు ఆ దిబ్బకు మధ్య మిగిలింది బహుశా పన్నెండు పదమూడు మీటర్లే, అదీ దాదాపు నిటారుగా. అల వచ్చి ముక్కును ఎత్తితే సాగడానికి ఏమీ లేక ఆ కుదుపంతా స్నబ్బర్ మీద పడుతుంది, అది తెగితే గొలుసును పైకి లాగే యంత్రం, విండ్‌లాస్ మీద. అందుకే రెండో స్నబ్బర్ తాడు ఎప్పుడూ ముక్కు దగ్గరే సిద్ధంగా పెట్టుకోండి, చీకట్లో లాకర్‌లో వెతుక్కునే పని ఉండకూడదు.

దీనికి మందు గొలుసుకు బోయాలు కట్టి అడుగుకు తగలకుండా తేలేలా చేయడం. తువామోటులో చాలామంది చేసేది ఇదే, ముత్యాల సాగు నుంచి కొట్టుకొచ్చి ఒడ్డున పడి ఉండే బంతి బోయాలను ఏరుకొచ్చి వాడుకుంటారు, అవి లేకపోతే పడవ పక్కలకు వేలాడదీసే ఫెండర్లు సరిపోతాయి. ముందు లంగరు శుభ్రమైన ఇసుకలో దించి, ఇంజిన్ రివర్స్‌లో మెల్లగా లాగి అది దిగబడిందని తేల్చుకోండి. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు చెట్లను గుర్తు పెట్టుకుంటే పడవ జరుగుతోందో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత గొలుసును కొంత లోపలికి లాక్కుని, లంగరు నుంచి లోతుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, అంటే మీ లెక్కన పదమూడు పద్నాలుగు మీటర్ల దగ్గర మొదటి బోయా కట్టండి, ఇంకో ఎనిమిది పది మీటర్లకు రెండోది. గాలి లేనప్పుడు గొలుసు దిబ్బల తలల పైన వేలాడుతుంది, గాలి గట్టిగా లాగినప్పుడు బిగుసుకుని బోయాలు నీళ్లలో మునుగుతాయి, అది మంచిదే. బోయా లంగరుకు మరీ దగ్గరగా కట్టారో, లంగరునే పైకి లేపేస్తుంది, అక్కడ జాగ్రత్త. అవకాశం ఉంటే మాస్కు పెట్టుకుని దిగి చూడండి, నేనైతే ఈ ఒక్క పని మానను. దీంతో మీకు నిద్ర దక్కుతుంది, ఏళ్ల తరబడి పెరిగిన పగడం ఒక్క రాత్రిలో నుగ్గు కాకుండా ఉంటుంది, నాకు రెండోదే ముఖ్యం. తువామోటులోనే ఫకరావా దీవి లాంటి చోట మూరింగ్ బోయాలు, అంటే పడవ కట్టుకోవడానికి అడుగున ముందే బిగించి ఉంచినవి, ఉన్నాయి, ఖాళీగా ఉంటే లంగరు జోలికే పోవద్దు.

చుట్టుకున్న గొలుసును విండ్‌లాస్ బలంతో పీకొద్దు. ఎండ బాగా ఎక్కాక ఒకరు ముక్కు దగ్గర నిలబడి నీళ్లలోకి చూస్తూ చెయ్యి ఊపి దారి చూపాలి, ఇంకొకరు చుక్కాని పట్టి ఎటు చుట్టుకుందో దానికి వ్యతిరేకంగా మెల్లగా తిప్పాలి. అరుపులు ఇంజిన్ చప్పుడులో వినిపించవు, సైగలు ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: ఆటుపోట్ల పట్టిక చూసుకునే వెళ్లాం, అయినా లగూన్ దారిలో లోపలి నుంచి నది లాగా నీళ్లు ఎదురొచ్చాయి. పట్టిక తప్పా?

జవాబు: పట్టిక తప్పు కాదు, అది చెప్పేది సముద్రం సంగతి. దక్షిణం నుంచి పెద్ద అలలు వస్తున్న రోజుల్లో అవి రీఫ్ (పగడపు దిబ్బల వరుస) మీదుగా లగూన్‌లోకి నీళ్లు పోస్తూనే ఉంటాయి, ఆ నీరంతా బయటికి పోవాల్సింది ఆ ఒకటి రెండు దారుల్లోంచే. అందుకే పోటు సమయంలోనూ ఒక్కోసారి ప్రవాహం బయటికే ఉంటుంది. దానికి ఎదురుగా గాలి వీస్తే అక్కడ నిలబడిపోయే అలలు లేస్తాయి, వాటిలోకి వెళ్లొద్దు. బయటే ఆగి బైనాక్యులర్‌తో చూడండి, నీరు నునుపుగా కనిపించేదాకా రెండు గంటలైనా ఆగండి. కానీ ఆగుతూ సాయంత్రం చేయకండి, లోపల దిబ్బలు కనిపించాలంటే సూర్యుడు నెత్తి మీదో మీ వెనకో ఉండాలి, పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉండాలి. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ నీలం ఇసుక, గోధుమ రంగు పగడం, కనిపిస్తే పక్కకు తిప్పేయండి.

స్క్రీన్ మీది మ్యాప్‌ను మాత్రమే నమ్మి లోపలికి రావొద్దు. 2014 నవంబరు 29న ప్రపంచాన్ని చుట్టే పందెంలో ఉన్న వెస్టాస్ విండ్ అనే పడవ మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరాజోస్ రీఫ్ మీదికి ఎక్కేసింది. దూరం నుంచి చూపే మ్యాప్‌లో ఆ ప్రమాదం స్పష్టంగా కనిపించలేదు, దగ్గరికి జూమ్ చేసి చూడలేదు. తొమ్మిది మందీ బతికారు, అదే గొప్ప. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది. వెళ్లబోయే దారి మొత్తాన్నీ ముందు రోజే దగ్గరి జూమ్‌లో ఒకసారి చూసుకోండి, ఉపగ్రహ చిత్రాలు దింపుకుని పక్కన పెట్టుకోండి, లోపలికి వచ్చిన ట్రాక్‌ను, అంటే మీరు వచ్చిన దారి గీతను, సేవ్ చేయండి. రాత్రి బయటపడక తప్పని పరిస్థితి వస్తే, పగలు మీరు కళ్లతో చూసి వచ్చిన ఆ గీత ఒక్కటే మీకు ఆధారం.