దివాళీ, దివ్వె, దిబ్బు

సందేహం: పండుగ ప్రకటనల్లోనూ శుభాకాంక్షల్లోనూ 'దివాళీ' అనే మాట ఎక్కువగా కనిపిస్తోంది. దీపావళికి బదులు అలా రాయడం తప్పా? 'దివాళా' తీయడానికీ దీనికీ సంబంధం ఉందా? చిన్నప్పుడు గోగు కాడలు వెలిగించి 'దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి' అని పాడేవాళ్ళం. ఆ 'దిబ్బు' ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మొదటి రెండు ప్రశ్నలనూ త్వరగా ముగిస్తాను. మూడో ప్రశ్న మీద నాకు ఎన్నాళ్ళనుంచో మక్కువ.

అచ్చుల నడుమ ఉన్న పకారం ప్రాకృతంలో వకారం కావడం మామూలే. దీపావళి అలాగే మారి, ఉత్తరాదిన అరిగి అరిగి చిన్నదైంది. కనుక అది అపశబ్దమని అనను. అయితే హిందీవారు పలికేది 'దివాలీ', మరాఠీవారు పలికేది 'దివాళీ'. మనవాళ్ళు హిందీ మాట వాడుతున్నామనుకుని మరాఠీ రూపం రాస్తున్నారు. అసలు ఈ అరువు ఎందుకు? 'ఆవళి' అంటే వరుస అని ఒక్కసారి చెబితే చాలు, దీపావళి అంటే ఏమిటో పసివాడికి కూడా తెలిసిపోతుంది. అర్థం పైకి కనిపించే మాట ఇంట్లో ఉండగా, అర్థం అరిగిపోయిన మాటతో శుభం పలకడం నాకు నచ్చదు. ఇక రెండోది 'దివాళా' కాదు, 'దివాలా'. చితికిపోయిన వర్తకుడు పట్టపగలే కొట్లో దీపం పెట్టేవాడనీ, ఆ మాట అందులోంచి పుట్టిందనీ చెబుతారు. ఆ లెక్కన రెండింటిలోనూ దీపమే ఉంది, చుట్టరికం అంతవరకే.

ఇప్పుడు దిబ్బు సంగతి. దానికి ముందు దివ్వె దగ్గర కాసేపు ఆగాలి. సంస్కృతంలోని 'దీపిక' ప్రాకృతంలో 'దీవిఆ' అయి, మన కవుల చేతికి 'దివియ'గా వచ్చి, 'దివ్వె'గా నిలిచింది. దివ్వె 'దివ్య'లోంచి వచ్చిందనేవారు ఈ 'దివియ'ను మరచిపోతున్నారు. దాని తోబుట్టువే 'దివిటీ'. 'దీపవర్తి' అరిగి దివిటీ అయింది. అందులోని 'వర్తి'యే విడిగా మన 'వత్తి'. మీరు పట్టుకున్న గోగు కాడను ఒకసారి తలచుకోండి. కొసన పాత గుడ్డ వత్తి, వత్తికి నూనె, నూనెకు నిప్పు. దీపవర్తి అంటే అదేనమ్మా! పండితులు పుస్తకాల్లో వెతికే మాటను గోదావరి గట్టు పిల్లలు చేత్తో పట్టుకుని వీధిలో నిలబడ్డారు.

'వ్వ' మన నోట 'బ్బ' కావడం కొత్త కాదు. కావ్యం ప్రాకృతంలో 'కవ్వ', మనకు 'కబ్బం'. పర్వం అక్కడ 'పవ్వ', మనకు 'పబ్బం'. పండుగా పబ్బమూ అనే జంటలో ఉన్నది అదే. మన 'కొవ్వు' కన్నడిగుల 'కొబ్బు'. ఈ దారినే దివ్వె 'దిబ్బు' అయి ఉండవచ్చునని నా ఊహ. అప్పుడు ఆ పాట 'దివ్వె దివ్వె దీపావళి' అవుతుంది, ఎంత నిండుగా ఉందో చూడండి!

అయినా ఇదే నిశ్చయమని అనలేను. ఆ కాడలను నేలకు కొడతారు కదా, దిబ్బు ఆ చప్పుడే కావచ్చు. కొన్నిచోట్ల 'దుబ్బు దుబ్బు' అని పాడతారు, అది చప్పుడు వాదానికే బలం. పాటలోని రెండో సగానికి వ్యాఖ్యానం అక్కరలేదు: అమావాస్య వెళ్ళిన నాలుగో నాడు కార్తిక శుద్ధ చవితి, పుట్టలో పాలు పోసే రోజు.

నా మనసు మాత్రం దివ్వె వైపే మొగ్గుతోంది. 'దివ్వు దివ్వు' అనో 'దివ్వె దివ్వె' అనో పాడే పెద్దవాళ్ళు మీ వైపు ఎవరైనా ఉంటే నాకు తప్పక రాయండి. ఒక్కరు దొరికినా చప్పుడు వాదాన్ని పక్కన పెట్టేస్తాను.