“మీ ఇష్టం” అన్న మాట దగ్గర ఆగిపోకు

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణపు కాగితం రెండుసార్లు చదివాను. డిసెంబరు ఆఖరు వారం, శ్రీలంక, ఎనిమిది మంది, ఏడు రాత్రులు, ఆరు ఊళ్లు. నీ చిన్నవాడికి నాలుగేళ్లు, మీ మామగారికి డెబ్బై ఆరు. అటు అత్తమామల్ని, ఇటు అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఒకే వ్యానులో కూర్చోబెట్టి తీసుకెళ్లాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. అయితే కాగితం అడుగున నువ్వు రాసిన ఒక్క మాట చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. “పెద్దవాళ్లందరినీ అడిగాను పెద్దమ్మా, మీ ఇష్టం అన్నారు” అని రాశావు. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే.

2014 డిసెంబరులో మేము పదకొండు మందిమి అదే దేశం వెళ్లాం. నీకు పరీక్షలని నువ్వు రాలేదు. మీ అమ్మమ్మకు అప్పుడు డెబ్బై ఎనిమిది. నేనూ నీలాగే అడిగాను, అమ్మ కూడా “మీ ఇష్టం” అంది. సరే అనుకుని దక్షిణ తీరం, కాండీ, నువారా ఎలియా అన్నీ రాసుకుని, చివర్లో “వీలైతే ట్రింకోమలీ” అని పెట్టాను. నెగొంబోలో దిగిన రాత్రి అమ్మ పెట్టెలో మందులు వెతుకుతుంటే అడుగున పసుపు, కుంకుమ పొట్లాలు, ఆకుపచ్చ జాకెట్టు ముక్క కనిపించాయి. ఎవరికమ్మా అంటే, శాంకరీ దేవికి అంది.

అష్టాదశ శక్తిపీఠాలలో మొదటి పేరు లంకలోని శాంకరీ దేవిది. అమ్మ రోజూ దీపం పెట్టి ఆ పద్దెనిమిది పేర్లూ చదువుకోవడం నేను పుట్టినప్పటి నుంచీ విన్నదాన్నే. తూర్పు తీరాన ట్రింకోమలీలో, కోణేశ్వరాలయం పక్కన ఉన్న గుడి అదేనని ఆ రాత్రి వరకూ నాకు తట్టలేదు. ఐదో రోజు దంబుల్లా దాటి తూర్పు దిక్కుగా బయలుదేరాం. వాన. రోడ్డు మీదికి నీళ్లు వచ్చేశాయి. డ్రైవరు ఒకచోట ఆపి, ముందుకు పోవడం క్షేమం కాదని చెప్పాడు. అమ్మ కిటికీలోంచి ఆ నీళ్ల వైపు కాసేపు చూసి, “పరవాలేదులే, పిలుపు రాలేదు” అంది. ఆ తర్వాత ఆమె మళ్లీ విమానం ఎక్కలేదు.

ఆ వాన అనుకోకుండా వచ్చినది కాదు బుజ్జీ. నేను ముందు తెలుసుకోవలసిన వాన. ఆ చిన్న దేశానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం కొలంబో, గాలె ఉన్న పడమర, దక్షిణ తీరాలను తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనం తూర్పు, ఉత్తర ప్రాంతాలను తడుపుతుంది. నడుమ అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం దాటాక దాదాపు అన్నిచోట్లా ఉరుములు, జల్లులు. కాబట్టి “శ్రీలంకకు ఏ నెల మంచిది” అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ ఊరికి ఏ నెల మంచిది అని అడగాలి. ఏ ఊరన్నది తేలాలంటే ముందు పెద్దవాళ్ల మనసులో ఏముందో తేలాలి. నేను సెలవులు చూసుకుని, టికెట్లు కొని, ఆ తర్వాత అమ్మను అడిగాను. నువ్వు ముందు అడుగు.

అడిగే తీరు కూడా చెబుతాను. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే మీ అత్తగారు “వదినగారి ఇష్టం” అంటారు, మీ అమ్మ “లేదు, వదినగారి ఇష్టమే” అంటుంది. మర్యాదలోనే అసలు మాట మునిగిపోతుంది. ఒక్కొక్కరిని విడిగా అడుగు. “ఎక్కడికి వెళ్దాం” అని అడగవద్దు. “గుడా, సముద్రమా?”, “తెల్లవారుజామున లేవగలరా, పొద్దెక్కాక బయలుదేరాలా?” అని తేల్చి చెప్పక తప్పని ప్రశ్నలు వేయి. మీ మామగారిని మీ ఆయన కాదు, నువ్వే అడుగు. మగపిల్లల ముందు మోకాళ్ల నొప్పి ఒప్పుకోని తండ్రులు కోడలి దగ్గర ఒప్పుకుంటారు. చిన్నవాడిని కూడా అడుగు. వాడు ఏనుగు అంటాడు. మనిషికి ఒక్క కోరిక చొప్పున రాసుకుని, ఆ ఎనిమిది కోరికల చుట్టూ ప్రయాణం కట్టు.

మీ అమ్మ సంగతి నాకు తెలుసు కనుక ముందే చెబుతున్నాను. దానికి శాంకరీ దేవిని చూడాలని ఉంది. నాతో అంది, నీతో అనదు. ఆ కోరిక లెక్కలోకి తీసుకుంటే డిసెంబరు మానేసి వేసవి సెలవులకు మార్చు. ఏప్రిల్ ఆఖరు నుంచి తూర్పు తీరంలో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, ట్రింకోమలీ దగ్గర నీలావెలిలో పిల్లలు ఒడ్డున ఆడుకోవచ్చు. మే ఆఖరులో పడమటి తీరానికి వానలు రాకముందే తిరిగి వచ్చేయవచ్చు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల సంవత్సరాది, దుకాణాలు మూసేసి అందరూ సొంతూళ్లకు వెళతారు, ఆ వారం వద్దు. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవే, పోయ అంటారు. మే నెల పౌర్ణమి వెసక్, ఊళ్లన్నీ కాగితపు దీపాలతో చూడముచ్చటగా ఉంటాయి కానీ బసలు దొరకవు, రోడ్లు నిండిపోతాయి. ఒకవేళ ఎవరికీ తూర్పు వైపు కోరిక లేదని నిజంగా తేలితే సంక్రాంతి సెలవులకు గాలె, కాండీ హాయిగా చూసి రావచ్చు.

ఇక ఆరు ఊళ్ల సంగతి. అక్కడి దూరాలు చూసి మోసపోవద్దు. కాండీ నుంచి నువారా ఎలియాకు ఎనభై కిలోమీటర్ల లోపే, పట్టేది మూడు గంటలు. అన్నీ మలుపులే. మా పిల్లలిద్దరు దారంతా వాంతులు చేసుకున్నారు, నలుగురం వాళ్లను కడగడంతోనే తేయాకు తోటలు దాటిపోయాయి. పైగా ఆ ఊరు 1,800 మీటర్లకు పైన ఉంది, ఉక్కపోత దేశమని నూలు చీరలే సర్దుకున్న అమ్మ రాత్రంతా వణికింది. రోజూ పెట్టె సర్దడం వయసు మళ్లినవాళ్లకు నడక కంటే ఎక్కువ అలసట.

నన్నడిగితే ఏడు రాత్రులకు మూడే చోట్లు. విమానాశ్రయం నెగొంబో పక్కనే, కటునాయకలో ఉంది కనుక మొదటి రాత్రి నెగొంబోలో స్నానం, భోజనం, నిద్ర తప్ప ఏమీ పెట్టుకోవద్దు. తర్వాత మూడు రాత్రులు ట్రింకోమలీ, మూడు రాత్రులు కాండీ. నెగొంబో నుంచి ట్రింకోమలీ ఒక్కటే పొడవైన ప్రయాణం, సుమారు ఆరు గంటలు. తెల్లవారగానే బయలుదేరి దంబుల్లాలో రెండు గంటలు ఆగండి. అల్లుడికి సిగిరియా ఎక్కాలని ఉంటే దంబుల్లా దగ్గర ఒక రాత్రి పెంచు. ఆ కొండకు 1,200 దాకా మెట్లు. పొద్దున్నే నువ్వూ, అతనూ, పెద్దమ్మాయీ ఎక్కండి. పెద్దవాళ్లు కింద ఉన్న ఉద్యానాలలో చెట్ల నీడన తిరిగి, మ్యూజియం చూసి రావచ్చు. ఎనిమిది మందీ ప్రతి చోటికీ కలిసే వెళ్లాలన్న పట్టుదల నాకూ ఉండేది. దాని వల్ల పెద్దవాళ్లు చేతకాని మెట్లు ఎక్కుతారు, పిల్లలు ఎక్కగలిగిన మెట్లు మానుకుంటారు. పగలు విడిపోండి, రాత్రి భోజనానికి ఒకచోట కూర్చోండి. ఎవరు ఏం చూశారో చెప్పుకోవడానికి అప్పుడే మాటలు ఉంటాయి.

కాండీ మీ మామగారికి నచ్చుతుంది, నేను హామీ. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి కదా. 1739 నుంచి కాండీ సింహాసనం మీద కూర్చున్నది మదురై వైపు నుంచి వెళ్లిన నాయక వంశం, తెలుగు మూలాలవాళ్లు. వాళ్లలో చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. ఊరి నడుమ ఉన్న చెరువు ఆయన కాలంలో తవ్వించిందే. 1815లో ఇంగ్లీషువాళ్లు రాజ్యం తీసుకుని ఆయన్ను మన వేలూరుకు పంపేశారు, అక్కడే పోయాడు. ఆ చెరువు గట్టు మీద బల్లపై కూర్చుని మనవరాలికి మీ మామగారు ఈ కథ చెబితే, ఆ పూటకు వేరే చూడవలసిన చోటు అక్కర్లేదు. కాండీ పక్కనే పెరాదేనియలో వృక్షాల తోట ఉంది, దారులు చాలావరకు చదునుగా ఉంటాయి, చక్రాల కుర్చీ కూడా నడుస్తుంది. బుద్ధుడి దంతం ఉంచిన దంతధాతువు గుడికి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, చెప్పులు బయట. ఎండలో రాళ్లు కాలుతాయి, అందరికీ మేజోళ్లు పెట్టుకో. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం వాళ్లు అపచారంగా చూస్తారు, పిల్లలకు ముందే చెప్పు.

రైలు గురించి అడిగావు. కాండీ నుంచి నువారా ఎలియాకు దిగే స్టేషను నాను ఓయా దాకా నాలుగు గంటలు, కళ్లకు పండుగే. అయితే సీట్లు నెల రోజుల ముందు తెరవగానే అయిపోతాయి, బోగీ మెట్టు ఎత్తు, కొండచరియలు విరిగినప్పుడు లైను ఆగిపోతుంది. నోరు తెరిచి “నేను వస్తాను” అన్నవాళ్లకే టికెట్టు కొను.

బస విషయంలో నా తప్పు నువ్వు చేయవద్దు. బొమ్మలు చూసి ఒక హోటల్లో గదులు తీసుకున్నాను. వెళ్లాక మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ పగలంతా కిందికి దిగకుండా ఉండిపోయింది, అడిగితే “గదిలోనే బాగుంది” అంది. ఫోను చేసి నాలుగు సంగతులు అడుగు: కింది అంతస్తులో గదులున్నాయా, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, కుర్చీలాంటి కమోడేనా, వ్యాను గుమ్మం దాకా వస్తుందా. ఇద్దరు వియ్యపురాళ్లకూ ఒకే రకం గదులు ఇవ్వు. ఒకరికి సముద్రం, ఒకరికి గోడ కనిపించే గదులు ఇస్తే ఆ ఏడు రోజులూ ఎవరూ ఏమీ అనరు, ఏడేళ్లు గుర్తుంటుంది. వంటమనిషితో సహా అద్దెకిచ్చే బంగళాలు అక్కడ చాలా ఉన్నాయి, ఎనిమిది మందికి అవే నయం. తెల్లవారి ఐదింటికి కాఫీ కోసం ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు.

బండి కోసం అక్కడివాళ్లు కేడీహెచ్ అనే ఎత్తు పైకప్పు వ్యాను తీసుకో. ఎనిమిది మందికి, పెట్టెలకు సరిపోతుంది. ఎక్కడానికి చిన్న పీట ఒకటి పెట్టమను. రెండు గంటలకొకసారి ఆగాలని డ్రైవరుకు మొదటి రోజే చెప్పు. మూత్రానికి ఆపమని అడగడం ఇష్టం లేక నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లను నేను చూశాను. ఆ ఎండలో అది ప్రమాదం. దారిలో తంబిలి అనే పసుపు కొబ్బరిబోండాలు దొరుకుతాయి, ఆగడానికి అదే సాకు.

తిండి విషయంలో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. మీ అత్తగారు ఉల్లి కూడా ముట్టని రోజులున్న మనిషి. అక్కడ కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో ఎండుచేప పొడి కలుపుతారు, ఉంబలకడ అంటారు. కాయగూరలే కదా అని తింటే తెలియకుండా లోపలికి పోతుంది. “శాకాహారం” అని చెబితే చాలదు, ఉంబలకడ వద్దని ఆ పేరుతోనే చెప్పాలి. తమిళుల శైవ భోజనశాలలు నమ్మకం. ఇడియాప్పం అనే బియ్యప్పిండి సేమ్యా, పప్పు పెట్టి, గేదె పెరుగు మీద జీలుగ చెట్టు పానకం పోసి ఇస్తే పిల్లలు, ముసలివాళ్లు ఇష్టంగా తింటారు.

మిగిలినవి గబగబా రాస్తున్నాను. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ముగుస్తాయి, తేదీలు ఇవాళే చూడు. ప్రయాణ అనుమతి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో తీసుకో. బీమాలో అందరి బీపీ, షుగరు దాచకుండా రాయి. మీ నాన్న ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీ తోడుగా. మన గడియారం, వాళ్ల గడియారం ఒకటే కనుక మాత్రల వేళలు మారవు. డెంగీ దోమ పగలు కుడుతుంది, పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరూ బయట ఉండవద్దు, అది నిద్రవేళ. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొనేటప్పుడే చెప్పు. మీ మామగారు వద్దంటారు, అయినా చెప్పు.

డబ్బు ఎవరు పెడుతున్నారో బయలుదేరకముందే నలుగురికీ తెలియాలి. మీరిద్దరే పెడుతుంటే ఆ మాట స్పష్టంగా చెప్పి, పెద్దవాళ్ల చేతిలో కొంత అక్కడి డబ్బు విడిగా పెట్టు. హుండీలో వేయడానికి, మనవడికి బొమ్మ కొనడానికి కొడుకుని అడగవలసిన పరిస్థితి రాకూడదు. పిల్లల్ని వాళ్లకు వదిలి మీరిద్దరూ ఒక సాయంత్రం బయటికి వెళ్లండి, తప్పులేదు. రోజూ అదే పని అప్పగిస్తే మాత్రం వాళ్లకు అది విహారం కాదు, ఊరు మారిన ఇంటిపని.

ట్రింకోమలీలో గుడి కోట లోపల, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మీద ఉంటుందట. దారిలో జింకలు తిరుగుతాయట, పిల్లవాడికి చూపించు. పోర్చుగీసువారు పదిహేడో శతాబ్దంలో కూల్చేశాక మళ్లీ కట్టుకున్న గుడి. సాయంత్రం చల్లబడ్డాక, మీ అమ్మ చేయి పట్టుకుని నెమ్మదిగా ఎక్కు.

అమ్మ తీసుకెళ్లిన ఆ ఆకుపచ్చ జాకెట్టు ముక్క నా బీరువాలో ఉంది, మడత కూడా విప్పలేదు. నలుగురితో విడివిడిగా మాట్లాడి, తేదీలు ఖాయం చేసుకుని నాకు ఫోను చేయి. వేసవికే అయితే పసుపు, కుంకుమలతో కలిపి మీ నాన్న చేత పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ