కొలత తీయకుండా సంతకం పెట్టకు

దేవరకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు రెండు నిమిషాలు ఏం చెప్పకుండా ఏడ్చింది. నాకు చెమటలు పట్టాయి, నీకేదో అయిందనుకున్నాను. తర్వాత చెప్పింది, నిన్ను జూన్‌లో న్యూయార్క్ పిలిచారని, ఐక్యరాజ్యసమితిలో వికలాంగుల హక్కుల సభలో మాట్లాడబోతున్నావని, తిరిగొచ్చాక ఒక బయటిదేశపు సంస్థతో కలిసి మన మండలాల్లో వీల్‌చైర్లు ఇచ్చే మూడేళ్ల పని మొదలుపెడతావని. "అంత దూరం అది ఒక్కతే ఎట్ల పోతది తమ్ముడూ" అని మళ్లీ ఏడుపు. ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత షాపులో మిషన్ ముందు కూర్చుని నేనూ కళ్లు తుడుచుకున్నాను.

ట్రాక్టర్ బోల్తా పడిన రోజు నీకు తొమ్మిదేళ్లు. హైదరాబాద్ పోయేదాకా జీపులో నా ఒళ్లో తల పెట్టుకుని "మామా, నా చెప్పులేవి" అని అడుగుతూనే ఉన్నావు. చెప్పులు రెండూ నీ కాళ్లకే ఉన్నాయి. ఆ సంగతి నీకు తెలియట్లేదని నాకు అర్థమయ్యేసరికి మాల్ ఊరు దాటాం. ఆ పిల్ల ఇవాళ ప్రపంచ దేశాల ముందు మాట్లాడబోతోంది. నాకెంత సంతోషంగా ఉందో రాయడం నా చేత కాదు. కాబట్టి నాకు చేతనైన సంగతులే రాస్తాను.

పాస్‌పోర్టు, వీసా, జిరాక్సులు నీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎయిర్‌లైన్స్ వాళ్లకు వీల్‌చైర్ సంగతి ముందే చెప్పు. కుర్చీని సామాన్లలో వేస్తారట, దాని దిండు మాత్రం వాళ్ల చేతికివ్వకు. విమానం సీటు మీద అదే వేసుకుని కూర్చో.

నీళ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. హైదరాబాద్ మీటింగులకు పోయేటప్పుడు ముందు రాత్రి నుంచే నీళ్లు మానేస్తావని నాకు తెలుసు. దారిలో నువ్వు పోగలిగే బాత్రూం ఒక్కటీ ఉండదు, అదీ తెలుసు. పోయినేడు ఇన్ఫెక్షన్ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడుకున్నది అందుకే కదా. న్యూయార్క్ అంటే రెండు విమానాలు, ఒక రోజు ప్రయాణం. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లను చూస్తూ పెరిగాను, నీళ్లు తాగక కిడ్నీలు పోగొట్టుకున్న పిల్లను చూడలేను. మూత్రం తీసే గొట్టాలు, గ్లవ్స్, సబ్బు చేతి బ్యాగులోనే పెట్టుకో. మేనమామ ఇవి రాస్తాడా అని సిగ్గుపడకు. తాగు బిడ్డా. అరగంటకోసారి చేతుల మీద లేచి నడుముకు గాలి తగలనీ. పక్కన కూర్చున్నవాళ్లు చూస్తే చూడనీ.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఒక కథ ఉంది. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2003లో మన వికలాంగుల సంఘానికి ఒక బయటిదేశపు సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. దాని పేరు ఇప్పుడు అనవసరం. వీల్‌చైర్లు ఉచితంగా పంపుతాం, ఎన్ని కావాలో రాయండి అని. నేనప్పుడు సంఘం కార్యదర్శిని. పోలియో కాలికి ఊతమిచ్చే క్యాలిపర్ వేసుకుని బస్సులెక్కుతూ దిగుతూ ఊర్లూ తండాలూ తిరిగి జాబితా రాశాను. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. మొత్తం 63 మంది. వాళ్ల ఫారంలో కొలతల గడి లేదు. నేనూ అడగలేదు.

నేను దర్జీని బిడ్డా. పదహారో ఏట మెడలో టేపు వేసుకున్నవాణ్ణి. పెళ్లి సూటైనా బడి యూనిఫామైనా కొలత తీయకుండా గుడ్డ మీద సుద్దముక్క పెట్టలేదు. అలాంటివాణ్ణి, 63 మంది రోజంతా కూర్చోవాల్సిన కుర్చీలకు ఒక్కరి నడుమూ కొలవలేదు. ఊరికే వచ్చేదానికి కొలతలు అడిగితే బాగుండదనిపించింది. అడిగితే రావడమే ఆగిపోతుందేమోనని భయమేసింది.

ఎండలు ముదరకముందే లారీ వచ్చింది. ఫంక్షన్ హాలు, షామియానా, దండలు, మైకు. కుర్చీలన్నీ ఒకే సైజు, పద్దెనిమిది అంగుళాల సీటు, ఆసుపత్రి వరండాలో రోగిని అటు నుంచి ఇటు తోసే రకం. రెక్సిన్ మీద దిండు లేదు. ముందు చక్రాలు అరచేయంత, మన బాటల్లో ఇసుక తగిలితే దిగబడిపోయేవి. జాబితాలో ఒక గీత కార్మికుడు ఉన్నాడు. తాటిచెట్టు మీది నుంచి జారి నడుము విరిగింది, నలభై ఏళ్లు నిండలేదు. సన్నటి మనిషి, ఆ సీట్లో ఆయన పక్కన ఇంకొక పిల్లవాడు పట్టేంత చోటుంది. నిటారుగా కూర్చోలేక ఎడమ పక్కకు ఒరిగిపోయాడు. నేను చూశాను. చూసి "అలవాటైతది లే అన్నా" అన్నాను. ఆయన నవ్వాడు. అప్పుడే ఫొటో తీశారు.

వినాయక చవితి వెళ్లాక వాళ్ల ఊరికి వేరే పని మీద పోయాను. కుర్చీ గోడకు ఆనించి ఉంది, మీద పిల్లల బట్టలు ఆరేశారు. ఆయన మంచంలో బోర్లా పడుకున్నాడు. గదిలో వాసన. వాళ్లావిడ గుడ్డ తీసి చూపించింది. ఎడమ పిర్ర ఎముక మీద పైకి రూపాయి బిళ్లంత పుండు. దూది పెట్టి తుడుస్తుంటే చూశాను, లోపల పిడికిలి పట్టేంత గొయ్యి. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు నొప్పి తెలియలేదు. చొక్కాకు చీము అంటేదాకా ఎవరికీ తెలియలేదు. పొద్దంతా కూర్చుని ఉంటే మంచిదని నేనే చెప్పాను మరి. అప్పుడప్పుడు లేవాలని, అద్దం పెట్టి చూసుకోవాలని చెప్పలేదు. నాకే తెలియదు.

వాళ్లావిడ నాతో ఏమన్నదో తెలుసా? "మీరిచ్చిన కుర్చీ మంచిదే అన్నా, ఈయనకే కూసునుడు రాలే."

దీపావళికి ముందే పోయాడు. ఆసుపత్రిలో రక్తానికి విషం ఎక్కిందన్నారు. అప్పటికే నేను ఆ సంస్థకు రిపోర్టు పంపేశాను, 63 కుటుంబాల్లో వెలుగు వచ్చిందని. జనవరిలో వాళ్ల క్యాలెండర్ పోస్టులో వచ్చింది. ఒక నెల పేజీ మీద ఆయన నవ్వుతూ ఉన్నాడు. చింపేద్దామనుకున్నాను. కానీ ఆ ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్లావిడ ఆ పేజీ వరకు కత్తిరించి, ఫ్రేము కట్టించి, దండ వేసింది. ఇప్పటికీ ఆ ఊరు పోతే లోపలికి పోకుండా వాకిట్లోనే నిలబడతాను.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పేద దేశాల్లో వీల్‌చైర్లు ఎట్లా ఇవ్వాలో ఒక పుస్తకం వేసింది. దాంట్లో ఎనిమిది మెట్లు చెప్పారు. మనిషిని గుర్తించాలి, పరీక్షించి కొలవాలి, ఏ కుర్చీ కావాలో రాయాలి, డబ్బు చూసుకుని ఆర్డరు పెట్టాలి, కుర్చీ తయారు చేయాలి, మనిషిని కూర్చోబెట్టి సరిచేయాలి, వాడటం నేర్పాలి, ఆ తర్వాత కూడా పోయి చూస్తూ రిపేర్లు చేయాలి. మేం పేరు రాసుకుని నేరుగా కుర్చీ ఇచ్చి ఇంటికి పంపాం. ఆ పుస్తకం జిరాక్సు నీకు పంపుతున్నాను. మార్జిన్లో నా రాతలుంటాయి, పట్టించుకోకు.

అందుకే, ఒప్పందం రెడీగా ఉంది, పోయేముందే సంతకం పెట్టేస్తానని మీ అమ్మతో అన్నావని తెలిసి నాకు కోపం వచ్చింది. నలభై పేజీల కాగితం రెండు రోజుల్లో చదివావా? చదివితే మూడో ఏడు తర్వాత బేరింగులు, టైర్లు, దిండ్ల ఖర్చు ఎవరిదో ఏ పేజీలో ఉంది? మన కొండమల్లేపల్లిలో వెల్డింగ్ షాపు పిల్లగాడు బాగుచేయగలిగే కుర్చీయా, స్క్రూ కూడా అక్కడి నుంచే రావాలా? కొలతలు తీసేవాళ్లకు శిక్షణ ఎన్ని రోజులు, జీతం ఎవరిది? ఇవి అడిగితే వాళ్లు నొచ్చుకుంటారని అనుకోకు. మంచి సంస్థ అయితే సంతోషిస్తుంది. నొచ్చుకున్నారంటే అదీ ముందే తెలిసినట్టు.

డబ్బు సంగతి ఇంకోటి. విదేశీ విరాళాల చట్టం 2020లో మారింది. సొమ్ము ఏదైనా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. ఒక సంస్థ తీసుకున్న విదేశీ సొమ్ము ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంటే హైదరాబాద్‌లో పెద్ద సంస్థ తీసుకుని మీ సంఘానికి పంచుతుందని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకు. డబ్బు వాళ్ల దగ్గరుండి, పని మీ తలమీద ఉంటుంది. ఆడిటర్‌ను అడిగి కాగితం మీద రాయించుకో.

నువ్వు వాళ్ల ముందు చేయి చాచట్లేదు బిడ్డా, ఇది గుర్తుంచుకో. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించింది. సంతకాలు మొదలైన 2007 మార్చి 30నే మన దేశం సంతకం పెట్టింది, అదే ఏడు అక్టోబర్ 1న ధ్రువీకరించింది. దాంట్లో 32వ అధికరణం దేశాల మధ్య సహకారం గురించే. బయటి నుంచి వచ్చే అభివృద్ధి పని ఏదైనా వికలాంగులను కలుపుకోవాలని, వాళ్లకు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. మనకు సంబంధించిన నిర్ణయాల్లో మన సంఘాలను సంప్రదించాలని 4వ అధికరణం చెబుతుంది. మా రోజుల్లో 1995 చట్టం ఒక్కటే చేతిలో ఉండేది. ఈ ఒప్పందం వల్లే 2016 చట్టం వచ్చింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2019లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ ముందు మన దేశం నివేదిక మీద విచారణ జరిగితే మన దేశపు వికలాంగుల సంఘాలు కూడా సొంత నివేదికలు పంపాయి. అయితే ఒక్కో మనిషి నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందంలో మన దేశం చేరలేదు. కాబట్టి అక్కడ మైకు దొరికిన ప్రతి నిమిషం మనకు విలువైనదే.

అక్కడ ఏం మాట్లాడాలి అంటావా? నల్లగొండ గురించి మాట్లాడు. మన ఫ్లోరోసిస్ మీద, అదే ఆ నీళ్లతో ఎముకలు వంగే జబ్బు మీద, 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. పటిక, సున్నం కలిపి కలియబెట్టి తేర్చడమే. అది టాంజానియా దాకా పోయింది. మన ఊరి పేరు మనకంటే ముందే దేశాలు తిరిగింది. కానీ ఏ బావి నీళ్లకు ఎంత పటికో ఆ నీళ్లను బట్టి కొలిచి వేయాలి, రోజూ వేయాలి. ఆ పని చేసే మనిషి, ఆ మనిషికి జీతం లేనిచోట బకెట్లు మూలకు పడ్డాయి. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. మర్రిగూడలో, మునుగోడులో అంతకుముందే వంగిన నడుములు మాత్రం తిరిగి నిలబడవు. వాళ్లు బతికే ఉన్నారని, పింఛను ఒక్కటే కాదు, గడప దాటించే దారి కావాలని చెప్పు.

ఇంగ్లీషు తడబడితే తడబడనీ. నెమ్మదిగా చెప్పు. నీ కథ ఎంత అడిగితే అంత చెప్పాల్సిన పని లేదు. ట్రాక్టర్ గురించి అడుగుతారు, అందరూ అడుగుతారు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. ఫొటో తీస్తామంటే ఎక్కడ వేస్తారో అడుగు. మనవాళ్ల ఫొటోలు ఇచ్చేముందు వాళ్లింటికి పోయి అడుగు, అచ్చయ్యాక ఒక కాపీ వాళ్ల చేతికి అందించు.

తండాల ఆడవాళ్లను కమిటీలో పెట్టుకో. చెవిటివాళ్లుంటే సైగల భాష తెలిసిన మనిషి లేకుండా మీటింగ్ పెట్టకు. మా రోజుల్లో సంఘమంటే నాలాంటి పోలియో మగవాళ్లమే, మిగతా అందరి తరఫునా మేమే మాట్లాడేవాళ్లం. అదీ తప్పే. దాని గురించి నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం.

నీ దిండుకు కొత్త కవరు కుడుతున్నాను, ప్రయాణానికి. కూర్చునే వైపు కుట్టు రాకుండా, ముడత పడకుండా ఒకే ముక్కతో, అంచులన్నీ కిందికి మడిచి. సాగే గుడ్డ తెచ్చాను, చెమట పీల్చేది. నా పుస్తకంలో నీ కొలత రెండేళ్ల కిందటిది, పదిహేను అంగుళాలు అని ఉంది. ఆసుపత్రి తర్వాత చిక్కావని మీ అమ్మ అంటోంది. రేపు పొద్దున్నే కుర్చీలో నిటారుగా కూర్చుని, టేపు బిగించకుండా, ఒక తుంటి నుంచి ఇంకో తుంటికి మీ అమ్మతో కొలిపించి పంపు. దిండు మందం కూడా రాయి. ఇంకా కత్తెర పెట్టలేదు.

మీ మామ