వంటకీ ఆర్డర్‌కీ మధ్యలో కర్రీ పాయింట్ ఉంది

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు రాశారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే, ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. యాప్ ఆర్డర్లకి నెలకి 9,000, సరుకులకీ కూరగాయలకీ ఇంకో 7,000 అవుతోంది. "ఇద్దరికే కదా, ఇంట్లో వండినా అంతే పడుతుంది" అంటున్నారట ఆవిడ. నిజమేనా అని అడిగారు.

సగం నిజమేనండి. ఇద్దరి కోసం బిర్యానీ ఇంట్లో చేస్తే పెద్దగా మిగిలేదేమీ ఉండదు, పైగా ఆదివారం సగం వంటింట్లోనే గడిచిపోతుంది. రోజువారీ తిండి లెక్క మాత్రం వేరు. మీరు పంపిన బిల్లే చూడండి: రెండు మసాలా దోసెలు 220, ప్యాకింగ్ 20, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజులు 50, వీటన్నిటి మీద జీఎస్టీ 21, మొత్తం 311. మీ వీధిలో కిలో దోసె పిండి 70కి దొరికితే పది దోసెలు ఎక్కడికీ పోవు. అందులో కూర, పచ్చడి, నూనె, గ్యాస్ అన్నీ కలుపుకున్నా ఇద్దరి కడుపు నిండడానికి వంద కాదు.

మీ ఇంట్లో అసలు చిల్లు ఫ్రిజ్‌లో ఉంది. ఆదివారం రైతు బజార్లో సంచి నింపుకొస్తారు, సోమవారం అలిసిపోయి ఆర్డర్ పెడతారు, గురువారానికి తోటకూర వాడిపోయి చెత్తబుట్టలోకి పోతుంది. అంటే ఒకే భోజనానికి రెండుసార్లు డబ్బు కడుతున్నారు.

అలాగని "రేపట్నుంచి ఇంట్లోనే వండుకోండి" అని నేను చెప్పను. ఇంటి వంట చవక అని లెక్క వేసేటప్పుడు వండే మనిషి టైమ్‌కి మనం సున్నా వేస్తాం, ఆ మనిషి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడమనిషే. ఆవిడ మీతో సమానంగా ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తున్నప్పుడు ఆ సున్నా తప్పు.

అందుకే నా సలహా కర్రీ పాయింట్. 26 కిలోల బస్తా 1,500 అనుకుంటే (25 కిలోల దాకా ప్యాకెట్ బియ్యం మీద 2022లో జీఎస్టీ వేశాక బస్తాలు ఈ సైజులోకి మారాయి) ఇద్దరికి ఒక పూట అన్నం 12 రూపాయలు. పప్పు, వేపుడు, సాంబారు 120కి వస్తాయి. పెరుగుతో కలిపి 145 వేసుకుందాం. ముందు ఎవరు ఇల్లు చేరితే వాళ్లు కుక్కర్ పెట్టండి, రెండోవాళ్లు వచ్చే దారిలో కూరలు తెస్తారు. కూరగాయలు మాత్రం రెండు రోజులకి సరిపడానే కొనండి.

నెలకి 22 పనిరోజుల రాత్రులు ఆ 311 బిల్లు బదులు ఇలా 145తో గడిస్తే 3,600 దాకా మిగులుతుంది, వారాంతం ఆర్డర్లు తగ్గించకుండానే. అందులో 3,500 పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకి దాదాపు రెండున్నర లక్షలు అవుతుంది. జీతం పడిన మర్నాడే కట్టేయండి, నెలాఖరు దాకా ఆగితే ఆ డబ్బు మళ్లీ యాప్‌లోకే పోతుంది.