లాగిన్ పేజీ సంగతి తర్వాత, ముందు ఒక్క బిల్లు పంచి చూపించు చిన్నా

చిన్నా,

మీ నలుగురూ కాలేజీ ప్రాజెక్టుగా చేస్తున్న బిల్లులు పంచే యాప్ మీద నువ్వు పంపిన నాలుగు వారాల రిపోర్టులూ చదివాను రా. నిన్న సాయంత్రం బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ కదలకుండా 40 నిమిషాలు నిలబడిపోతే ఇంకేం పని, రెండేసి సార్లు చదివాను. మొదటి వారం "లాగిన్ పేజీ 80 శాతం పూర్తయింది". రెండో వారం "లాగిన్ పేజీ 90 శాతం". మూడో వారం లోగో, రంగులు, డార్క్ మోడ్. నాలుగో వారం "బ్యాకెండ్ ఇంటిగ్రేషన్ జరుగుతోంది", అంటే తెర వెనక నడిచే కోడ్‌ని స్క్రీన్లకి కలపడం. బాగానే ఉంది గానీ ఈ నాలుగు వారాల్లో ఇద్దరు మనుషులు కలిసి తిన్న ఒక్క మసాలా దోసె డబ్బులైనా మీ యాప్ పంచిందా? నాకైతే ఎక్కడా కనపళ్ళేదు. బిల్లులు పంచే యాప్ అని పేరు పెట్టుకుని బిల్లు తప్ప అన్నీ చేశారు.

తిడుతున్నా అనుకోకు, నేను కూడా ఇదే చేసినదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక మాడ్యూల్ గురించి ఆరు వారాల పాటు "90 శాతం అయింది సార్" అని చెప్తూ వచ్చా, అబద్ధం కాదు, నాకు నిజంగానే అలా అనిపించేది. ఏడో వారం మా లీడ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని "శాతాలు వద్దమ్మా, అయిన ముక్కేదో నడిపి చూపించు" అన్నాడు. ఏముంది నడపడానికి, ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయి, కలిపితే ఒక్కటీ కదల్లేదు. ఆ రోజు బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చానని మీ పెదనాన్నకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

అందుకని మిగిలిన ఆరు వారాలూ రిపోర్టులో శాతం అనే మాటే రాయొద్దు. ఒక మనిషి, ఒక బిల్లు, ఒక అంకె, ఈ మూడూ ఉండే వాక్యం రాయి. "ఈ వారం మా రూమ్‌లో ముగ్గురం తిన్న 640 రూపాయల బిల్లు ఎక్కించాం, ఎవరు ఎవరికి ఎంతివ్వాలో యాప్ చూపించింది, కాగితం మీద వేసిన లెక్కతో సరిపోయింది" అని. సరిపోకపోతే సరిపోలేదని రాయి, ఎంత తేడా వచ్చిందో రాయి, మీ ప్రాజెక్టు చూసే మేడమ్ ఏమీ అనుకోరు. లాగిన్ని ప్రస్తుతానికి పీకి పక్కన పెట్టండి, పేరు టైప్ చేసి లోపలికెళ్ళిపోతే చాలు, మీ రూమ్ బిల్లులు దొంగిలించడానికి ఎవరూ కాచుకుని లేరు. పదో వారానికి ముందు ఎలాగూ పెడతారు.

ఇప్పుడు అసలు విషయం. నీ డేటాబేస్, అదే యాప్ లెక్కలన్నీ దాచుకునే పట్టికల స్క్రీన్‌షాట్ చూశా, యూజర్ టేబుల్లో బ్యాలెన్స్ అని ఒక కాలమ్ పెట్టి బిల్లు వచ్చినప్పుడల్లా దాన్ని పెంచడం తగ్గించడం చేస్తున్నారు. అది చూడగానే నాకు మీ తాతయ్య గుర్తొచ్చారు. తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది కదా, నువ్వు పుట్టేసరికే మూసేశారు అనుకో. కొట్లో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, ఏ రోజు ఏం జరిగితే అది జరిగిన వరసలో రాసుకుపోవడమే. రెండోది ఆవర్జా, అందులో మనిషికో పేజీ, రాత్రి కొట్టు కట్టేశాక చిట్టాలోంచి ఎవరి పద్దు వాళ్ళ పేజీలోకి ఎత్తి రాసేవారు. నా బాకీ ఎంత అని ఎవరైనా అడిగితే ఆవర్జా తీసేవారు, అంత ఎందుకుంటుంది అని గొడవకొస్తే మాత్రం చిట్టా తెచ్చి ముందు పెట్టేవారు. మీ యాప్‌లో ఆవర్జా ఒక్కటే ఉంది రా, చిట్టా లేదు. రేపు బిల్లు సేవ్ అవుతుండగా మధ్యలో నెట్ పోయి నీ బ్యాలెన్స్ తగ్గి నీ రూమ్మేట్ బ్యాలెన్స్ పెరగలేదనుకో, తప్పు ఎక్కడ జరిగిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు, ఎందుకంటే వెనక్కెళ్ళి చూసుకోడానికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి ఆ కాలమ్ తీసేయండి. బిల్లులు ఒక టేబుల్, ఆ బిల్లులో ఎవరి వాటా ఎంత అనేది ఇంకో టేబుల్, ఎవరు ఎవరికి తిరిగిచ్చారు అనేది మరొకటి, అంతే, ఎవరి బాకీ ఎంత అన్నది అడిగినప్పుడు వీటిలోంచి కూడి చూపించండి. స్లో అవుతుందేమో అని భయపడకు, ఒక రూమ్‌కి ఏడాదంతా కలిపినా కొన్ని వందల పద్దులు, ఆ కూడిక ఫోన్‌కి ఒక లెక్కా?

చెరపడం గురించి కూడా చెప్పాలి. 2003లో బీటీఎం లేఔట్‌లో మేం ఐదుగురు ఆడపిల్లలం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం, వంటింటి తలుపుకి మేకు కొట్టి లాంగ్ నోట్‌బుక్ వేలాడదీసి దారంతో పెన్ను కట్టాం, పాలు, గ్యాస్, కూరగాయలు, కరెంటు అన్నీ అందులోనే. కూడికల దగ్గర మాకు ఒక్కసారి కూడా గొడవ రాలేదు తెలుసా. గొడవ వచ్చింది ఒకే ఒక్కసారి, గ్యాస్ సిలిండర్ పద్దు మీద ఎవరో వైట్‌నర్ పూసి కొత్త అంకె వేశారు. కొత్త అంకే కరెక్ట్ అని తర్వాత తేలింది కూడా, అయినా ఎవరు దిద్దారు, చెప్పకుండా ఎందుకు దిద్దారు అని మూడ్రోజులు ఇంట్లో మాటల్లేవు, ఎవరి అన్నం వాళ్ళు వండుకున్నాం. ఆ తర్వాత వైట్‌నర్ ఇంట్లోకి రాకూడదని రూల్ పెట్టుకున్నాం, తప్పైతే ఒక గీత కొట్టి, కింద మళ్ళీ రాసి, పక్కన సంతకం. మీ యాప్‌లో డిలీట్ బటన్ నొక్కగానే బిల్లు మాయమైపోతోంది చూడు, అది వైట్‌నర్. కొట్టేసిన బిల్లు గీతతో కనపడుతూనే ఉండాలి, ఎవరు కొట్టేశారు, ఎప్పుడు, పాత అంకె ఎంత, గ్రూప్‌లో అందరికీ తెలియాలి. ఐదో వారం పని ఇదే, ఇంకేం పెట్టుకోకండి.

పైసల సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే చెయ్యడం సులువు గానీ ఎవరూ చెయ్యరు. డబ్బుల్ని దశాంశాల్లో పెట్టొద్దు. నీ కోడ్‌లో 0.1, 0.2 కలిపి చూడు, 0.30000000000000004 అని వస్తుంది, కంప్యూటర్ అంకెల్ని 0, 1 అనే రెండు గుర్తుల్లోనే దాచుకుంటుంది కాబట్టి 0.1ని అది ఉన్నదున్నట్టు పెట్టుకోలేదు. అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా పెట్టుకో, 640 రూపాయలంటే 64000. అప్పుడు కూడా వెయ్యి రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33333 పైసలు పోగా ఒక పైసా మిగుల్తుంది, దాన్ని ఎవరో ఒకరి మీద వెయ్యాలి, గాల్లో వదిలెయ్యకూడదు. ఎవరి మీదైనా వెయ్యి, కానీ ఒక పద్ధతి ప్రకారం వెయ్యి. పేర్ల అక్షరక్రమంలో వేస్తే మాత్రం ప్రతిసారీ మీ గ్రూప్‌లో ఆ అనంతపురం కుర్రాడికే పడుతుంది, వాడి పేరు అ తోనే మొదలు. పంచిన వాటాలన్నీ కలిపితే బిల్లు మొత్తం పైసాతో సహా రావాలి, గ్రూప్‌లో అందరి బాకీలూ మైనస్‌గా, రావాల్సినవి ప్లస్‌గా పెట్టి కలిపితే సున్నా రావాలి. ఈ రెండు టెస్టులూ రాసి పెట్టుకో, కోడ్ మార్చిన ప్రతిసారీ నడుపు. నేనైతే మీ ప్రాజెక్టు మొత్తంలో ఈ రెండు టెస్టులకే సగం మార్కులిస్తా.

ఇక సమానంగా పంచడం. మీ యాప్‌లో ప్రస్తుతం అదొక్కటే ఉంది. మారతహళ్ళిలో ఆంధ్రా మెస్‌కి ఐదుగురు వెళ్ళారనుకో, ముగ్గురు తలా 300 నాన్‌వెజ్, ఇద్దరు తలా 150 వెజ్, మొత్తం 1200, జీఎస్టీ 5 శాతం 60 కలిపి 1260. సమానంగా పంచితే తలా 252. పప్పూ నెయ్యీ తిన్న పిల్ల నిజానికి ఇవ్వాల్సింది 157 రూపాయల 50 పైసలు, అంటే పక్కవాళ్ళ చికెన్‌కి ఆ పిల్ల 94 రూపాయల 50 పైసలు కట్టినట్టు. ఒకసారి నవ్వి ఊరుకుంటుంది, నాలుగోసారి మీతో రావడం మానేస్తుంది, ఎందుకు రావట్లేదో చెప్పదు కూడా. టాక్స్ ఎవరు ఎంత తిన్నారో దాని ప్రకారం పంచండి, డెలివరీ చార్జి మాత్రం తలా సమానంగా వెయ్యండి, బండివాడు ఒకేసారి వచ్చాడు కదా, ఇది నా లెక్క, మీరు వేరేలా అనుకుంటే మార్చుకునే వీలుంచండి. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్ళినవాడు కరెంటు బిల్లు ఎంత కట్టాలి, అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న రూమ్‌వాడు అద్దె ఎంత ఎక్కువ ఇవ్వాలి, ఇవన్నీ ఫీచర్లుగా చెయ్యబోకండి, చచ్చిపోతారు. ఎవరి వాటా వాళ్ళు చేత్తో టైప్ చేసుకునే ఆప్షన్ ఒకటి పెడితే చాలు, మొత్తం కలవకపోతే సేవ్ అవ్వకూడదు అంతే.

మీ ప్లాన్‌లో ఐదో వారానికి "ఏఐతో బాకీల ఆప్టిమైజేషన్" అని చూసి నవ్వాగలేదు. అందరి బాకీలూ అతి తక్కువ సార్లు చెల్లించి తీర్చడం ఎలా అనేది నిజంగానే కష్టమైన లెక్క, ఎన్‌పీ హార్డ్ అంటారు, అంటే ఎప్పుడూ త్వరగా తేల్చే దారి ఇంతవరకు ఎవరికీ తెలియదు, మీ అల్గారిథమ్స్ సార్‌ని అడుగు. కానీ మీకు అంత అక్కర్లేదు. ఎక్కువ ఇవ్వాల్సినవాణ్ణి, ఎక్కువ రావాల్సినవాణ్ణి జత చెయ్యి, కుదిరినంత తీర్చెయ్యి, మిగిలిన వాళ్ళతో మళ్ళీ అదే చెయ్యి. ప్రతి జతలో కనీసం ఒకరి లెక్క తీరిపోతుంది కాబట్టి ఆరుగురుంటే ఐదు చెల్లింపులకి మించదు. ఒక మధ్యాహ్నం పని. తిప్పలు కోడ్‌లో కాదు, మనుషుల దగ్గర వస్తాయి. నేను నీకు 300 ఇవ్వాలి, నువ్వు ఇంకొకడికి 300 ఇవ్వాలి, యాప్ నన్ను నేరుగా వాడికే ఇమ్మంటుంది. లెక్క సరే, నేను వాడికెందుకివ్వాలి, వాడెవడు నాకు? మా బీటీఎం ఇంట్లో అయితే ఇద్దరి మధ్య మాటలే ఉండేవి కావు, డబ్బులు మూడో మనిషి చేతి మీదుగానే వెళ్ళాలి. స్ప్లిట్‌వైజ్ అనే బిల్లులు పంచే యాప్ 2011 నుంచి ఇదే పనిలో ఉంది, వాళ్ళు కూడా దీన్ని గ్రూప్‌కి ఒక స్విచ్‌లాగానే ఇచ్చారు. మీరూ అలాగే పెట్టండి, ఆన్ చేస్తే ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నొక్కితే తెలియాలి.

డబ్బులు మీ చేతి మీదుగా పోనివ్వొద్దు, ఇది సలహా కాదు, గట్టిగా చెప్తున్నా. నీ టీమ్‌లో ఎవరో "యాప్‌లో వాలెట్" అని రాశారు, పక్కవాళ్ళ డబ్బు దాచిపెట్టే వాలెట్ నడపాలంటే రిజర్వ్ బ్యాంక్ అనుమతి కావాలి, కాలేజీ ప్రాజెక్టుకి ఆ గొడవెందుకు. యూపీఐ లింక్ తయారుచేసి పెట్టండి, నొక్కితే అవతలివాళ్ళ ఐడీ, మొత్తం నింపి ఉన్న పేమెంట్ యాప్ తెరుచుకుంటుంది, మనిషి మనిషికి నేరుగా పంపుకుంటారు. అడిగి రాబట్టుకునే కలెక్ట్ రిక్వెస్ట్ మీద ఆశ పెట్టుకోకు, వ్యక్తుల మధ్య అది 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేయించింది. పేమెంట్ అయిందని ఫోన్ చెప్పినంత మాత్రాన పద్దు తీర్చెయ్యొద్దు, ఇచ్చినవాడు "ఇచ్చాను" అనాలి, పుచ్చుకున్నవాడు "అందింది" అనాలి, రెండూ అయ్యాకే.

ఇంకోటి మర్చిపోతున్నా. మీరంతా కాలేజీ వైఫైలో టెస్ట్ చేస్తున్నారు, జనం మెట్రోలో వాడతారు. మెజెస్టిక్ నుంచి పర్పుల్ లైన్‌లో భూమి కింద వెళ్తుంటే సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుంది, సేవ్ నొక్కుతారు, తిరుగుతూ ఉంటుంది, మళ్ళీ నొక్కుతారు, బిల్లు రెండుసార్లు పడుతుంది. బిల్లు రాయడం మొదలెట్టగానే ఫోన్లోనే దానికో నంబర్ ఇచ్చెయ్యి, అదే నంబర్‌తో రెండోది వస్తే సర్వర్ పట్టించుకోకూడదు.

టీమ్ గురించి నువ్వు వాపోయిన దానికి నా దగ్గర మందు లేదు రా, నలుగురిలో ఒకడు పని చెయ్యకపోవడం మా రోజుల నుంచీ ఉన్నదే. కాకపోతే ఫ్రంటెండ్, అదే స్క్రీన్లు, నువ్వు, బ్యాకెండ్ ఇంకొకడు అని అడ్డంగా కోసుకోవడం వల్ల ఎవరు చెయ్యట్లేదో చివరి రాత్రి దాకా తెలియట్లేదు. బిల్లు ఎక్కించడం ఒకరిది, తప్పు బిల్లుకి గీత కొట్టడం ఒకరిది, తిరిగివ్వడం ఇంకొకరిది అని నిలువుగా పంచుకోండి, స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా వాళ్ళదే. శుక్రవారం ఎవరి ముక్క వాళ్ళు నడిపి చూపిస్తే, చూపించనివాడు మీరు చెప్పక్కర్లేకుండానే తెలుస్తాడు. అందరి కోడ్ ఒకచోట కలిపే గిట్‌లో కూడా రోజూ కలిపెయ్యండి, గురువారం అర్ధరాత్రి నలుగురి కోడ్ ఒకేసారి కలిపితే ఏమవుతుందో మూడో వారం చూశారుగా.

శనివారం లంచ్‌కి వచ్చెయ్, ఆ ఐదో వారం ముక్క ఫోన్లో వేసుకుని రా. మీ పెదనాన్న చేతికిచ్చి మొన్న మనం తిన్న ఐస్‌క్రీమ్ బిల్లు ఎక్కించమంటా. ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ ఎక్కడ నొక్కాలో వెతుక్కుంటుంటే నువ్వు "అక్కడ కాదు పెదనాన్నా" అనకూడదు, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద రాసుకో, ఆ కాగితమే నీ వచ్చే వారం రిపోర్టు. గోంగూర దొరికితే పచ్చడి చేస్తా, వచ్చే ముందు ఒక ఫోన్ కొట్టు.

మీ పెద్దమ్మ